ఒక్క బట్టల క్లిప్పు... రెండు పిగిలిపిట్ట పిల్లలు

నా ఫోన్‌లో ఒక ఫొటో ఉంది. పిగిలిపిట్ట గూడు. అదే, మనమంతా బుల్‌బుల్ అంటామే, ఆ పిట్ట. గూట్లో రెండు పిల్లలు మెడలు చాచి నోళ్లు బార్లా తెరిచాయి. గూటి అంచు మీద వాలిన పెద్ద పిట్ట ముక్కున పచ్చటి పురుగు. ఉదయపు వెలుతురు సరిగ్గా ఆ నోళ్ల మీదే పడింది. ఈ వేసవిలో మా పెరట్లో రెండు వేలకు పైగా ఫొటోలు తీసుంటాను. ఇంత బాగా వచ్చింది ఇంకొకటి లేదు.

వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాను. మూడు గంటలు తిరక్కముందే తీసేశాను. ఎందుకు తీసేశానో చెప్పడానికే ఇదంతా రాస్తున్నా.

సిగ్నల్ అందే చోటు

మాది తెనాలి. ఉద్యోగం హైదరాబాద్‌లో. ఏప్రిల్ మొదట్లో నాన్నకి కంటి శుక్లం ఆపరేషన్ అయింది. రోజుకి నాలుగుసార్లు చుక్కలు వెయ్యాలి. కొన్నాళ్లు వంగకూడదు, బరువులెత్తకూడదు. అమ్మ ఒక్కతే నానమ్మనీ నాన్ననీ చూసుకోలేదని, మేనేజర్‌ని బతిమాలి రెండు నెలలు వర్క్ ఫ్రమ్ హోమ్ తెచ్చుకున్నా.

మా ఇంట్లో సిగ్నల్ బాగా అందేది వెనక వరండాలోనే. టేబుల్ అక్కడే వేసుకున్నా. లాప్‌టాప్ మీంచి తలెత్తితే ఎదురుగా పెరడు. గట్టిగా రెండు సెంట్లు కూడా ఉండదు. ఒక నిమ్మ, ఒక మునగ, కరివేపాకు చెట్టు, రెండు మందారాలు, గోడ వారగా నందివర్ధనం, పందిరి మీద మల్లె. దండెం దగ్గర ఎవరూ నాటని జిల్లేడు.

ఇంజినీరింగ్ అయ్యేదాకా ఈ ఇంట్లోనే పెరిగాను. కానీ నాకు పెరడంటే బట్టలారేసే చోటు, కరివేపాకు తుంచుకొచ్చే చోటు. అంతే. ఒకరోజు స్టాండప్ కాల్‌లో మ్యూట్‌లో ఉండి చూస్తుంటే, మందారం మీద బొటనవేలంత నల్ల పిట్ట ఒకటి వాలింది. అది ఇటు తిరగ్గానే ఎండ తగిలి ఒళ్లంతా ఊదారంగులో మెరిసింది. మళ్లీ అటు తిరిగితే మామూలు నలుపు. ‘నీ అప్‌డేట్ ఏంటి?’ అని టీమ్ లీడ్ రెండోసారి అడిగేదాకా నాకు వినబడలేదు.

ఆ రోజు నుంచి మొదలైంది పిచ్చి.

ఆరు నుంచి ఎనిమిది

మండు వేసవిలో మా పెరటికి రెండే షిఫ్టులు. పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా ఒకటి, సాయంత్రం అయిదు తర్వాత ఇంకోటి. మధ్యలో మనుషుల్లాగే అన్నీ నీడకి చేరతాయి. మనం బయటికెళ్లినా ఫోనే వేడెక్కి కెమెరా ఆపేస్తుంది.

ఆ నల్ల పిట్ట పేరు ఊదా తేనెపిట్ట. మగదానికి ఆ మెరుపు జత కట్టే రోజుల్లోనే. మిగతా కాలంలో అది కూడా ఆడదానిలాగే పసుపు పొట్టతో ఉండి, గొంతు నుంచి పొట్ట దాకా ఒక నల్లటి చార మాత్రం మిగుల్తుంది. గూడు కట్టే పనంతా ఆడదానిదే. సాలెగూళ్ల పోగులు తెచ్చి అల్లుతుంది. మగది పక్క కొమ్మ మీద కూర్చుని పాడుతుంది. ఇది చెప్పగానే అమ్మ నాన్న వైపు చూసింది. నాన్న నల్ల కళ్లద్దాల్లోంచి ఎటో చూశాడు.

ఇంకో సంగతి. మందారం పువ్వు ముందు నుంచి తేనె అందదని ఇది పక్కకొచ్చి పువ్వు అడుగున ముక్కుతో పొడుస్తుంది. దొడ్డిదారిన తాగి పోతుందన్నమాట. పువ్వుకి పుప్పొడి పని జరగదు. బిల్లు కట్టకుండా వెళ్లిపోయే కస్టమర్!

పని నిజాయితీగా చేసేది తుమ్మెద. మునగ పూల మీద నల్లగా, లావుగా, హెలికాప్టర్ లాగా మోగుతూ వాలుతుంది. చూస్తే భయమేస్తుంది గానీ మన జోలికి రాదు. ఎండిన కొయ్యకి గుండ్రంగా బెజ్జం చేసుకుని అందులో కాపురం పెడుతుంది. పూల మీద తిరుగుతూ పుప్పొడి ఒకచోట నుంచి ఇంకోచోటికి మోస్తుంది. మనింట్లో మునక్కాడ పులుసులో దాని వాటా కూడా ఉందని నాకు ఇరవై తొమ్మిదేళ్లకి తెలిసింది.

నిమ్మచెట్టు పంచాయితీ

నిమ్మ ఆకుల మీద పిట్ట రెట్ట లాంటివి కనిపించాయి. తుడుద్దామని వేలు పెడితే కదిలింది. అది నిమ్మ సీతాకోకచిలుక గొంగళిపురుగు. చిన్నప్పుడు అచ్చం రెట్టలాగే ఉంటుంది, పిట్టలు తినకుండా. పెరిగాక ఆకుపచ్చగా మారి ఆకుల్లో కలిసిపోతుంది. అప్పుడు దాన్ని కదిలిస్తే తల వెనక నుంచి రెండు నారింజరంగు కొమ్ములు బయటికొస్తాయి. గుప్పుమని ఘాటు వాసన. ఆ కొమ్ముల ఫొటో కోసం ఒక్క పురుగునే నాలుగైదుసార్లు కెలికాను. అది తప్పని అప్పుడు తోచలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తా.

నాన్న మాత్రం ‘ఆకులన్నీ తినేస్తున్నాయి, మందు కొట్టించాలి’ అన్నాడు. తప్పేం లేదు, నిమ్మ తోటల రైతులకి అది నిజంగానే పురుగు. కానీ మాది ఒక్క చెట్టు. పంచాయితీ పెట్టి గోడ వైపు కొమ్మ పురుగులకి, మిగతాది మాకు అని తీర్పు చెప్పుకున్నాం. మా వాటాలో కనబడ్డవాటిని తీసి ఆ కొమ్మ మీద వదిలేదాన్ని.

పురుగు గూడులోకి వెళ్లి మళ్లీ బయటికి రావడం చూడాలని మూడుసార్లు కాపలా కాశాను. రెండుసార్లు నేను లేచేసరికే అయిపోయింది. మూడోసారి పొద్దున్నే దొరికింది. తడి రెక్కలు ముడతలు పడి, నలిగిన కర్చీఫ్‌లా వేలాడుతూ బయటికొచ్చింది. నెమ్మదిగా రెక్కలు సాగాయి, ఆరాయి. నలుపు మీద లేత పసుపు మచ్చలు, వెనక రెక్క చివర ఇటుక రంగు చుక్క. నాన్నని పిలిచాను. ఆపరేషన్ చేసిన కంటితో ఆయన ముందు చూసింది డాక్టర్ గోడ మీది అక్షరాలైతే, తర్వాత అంత శ్రద్ధగా చూసింది దీన్నే. ‘పసుపు ఇంత పసుప్పచ్చగా ఉంటుందా’ అన్నాడు. ఇక మందు మాట ఎత్తలేదు.

ఎర్ర గొంతు తొండ

గోడ మీద తొండ ఒకటి దండీలు తీస్తూ కనబడేది. గొంతు ఎర్రగా, నెత్తురు పూసినట్టు. చిన్నప్పుడు మా వీధి పిల్లలు ‘అది నెత్తురు పీలుస్తుంది’ అని రాళ్లేసేవాళ్లు. నేనూ వేశాను. అది పీల్చేదేమీ లేదు, తినేది పురుగుల్ని. మగ తొండకి జత కట్టే కాలంలో ఆ ఎరుపు వస్తుంది. దండీలు పక్క తొండకి ‘ఇది నా గోడ’ అని చెప్పడానికి. తొండ ముదిరి ఊసరవెల్లి అయిందని సామెత చెబుతాం గానీ, ఎంత ముదిరినా తొండ తొండే. ఊసరవెల్లి వేరే జీవి.

సాయంత్రం షిఫ్టు మల్లెలది. పొద్దువాలుతుంటే మొగ్గలు విచ్చుకుంటాయి. తెల్ల రంగు, ఆ వాసన మన జడల కోసం కాదు, చీకట్లో తిరిగే రెక్కల పురుగులకి దారి చూపించడానికి. అమ్మ మాత్రం విచ్చుకోకముందే కోసేస్తుంది. కొన్ని ఉంచమని అడిగితే, ‘మూరెంతో తెలుసా బజార్లో?’ అంది. పై కొమ్మలవి మాత్రం వదిలేసింది. అందక వదిలేసిందా, అడిగానని వదిలేసిందా అని నేను అడగలేదు.

ఆ క్లిప్పు

పిగిలిపిట్ట గూడు చూసింది నేను కాదు, అమ్మ. దండెం మీద బట్టలారేస్తుంటే నందివర్ధనం పొదలోంచి ఒక పిట్ట బుర్రున లేచింది. తల మీద నల్లటి జుట్టు, తోక కింద ఎర్రటి మచ్చ. పొద లోపల, నా గుండె ఎత్తులో, అన్నం గిన్నెంత గూడు. అందులో మూడు గుడ్లు. లేత గులాబీ రంగు మీద ఎర్రటి చుక్కలు. అమ్మ ఇంకేం మాట్లాడకుండా బట్టలు తీసుకుని మేడెక్కింది. ఆ రోజు నుంచి మోకాళ్ల నొప్పులతో బకెట్ మోసుకుని మేడమీదే ఆరేసింది.

నేను మాత్రం రోజూ వెళ్లి తొంగి చూశాను. రెండు వారాలకి పిల్లలు వచ్చాయి. మూడింట్లో రెండు. కళ్లు తెరవని, ఈకల్లేని, గులాబీ రంగు ముద్దలు. తల్లీ తండ్రీ ఇద్దరూ మేపేవి. వాటిలో ఏది తల్లో ఏది తండ్రో చూసి చెప్పలేం, రెండూ ఒకేలా ఉంటాయి. మధ్యాహ్నం ఎండ ఆకుల్లోంచి జారి గూటి మీద పడితే, ఒకటి వచ్చి అంచు మీద నిలబడి రెక్కలు కొంచెం విప్పి నీడ పట్టేది. నోరు తెరిచి ఒగరుస్తూ అలాగే నిలబడేది.

ఇంత చూసి కూడా నాకు పట్టింది ఒక్కటే. ఫొటోకి ఒక కొమ్మ అడ్డం వస్తోంది.

మే మొదటి వారం. టైమ్ ఎనిమిది దాటింది. దండేనికి ఉన్న బట్టల క్లిప్పుల్లో ఒకటి తీసి ఆ కొమ్మని పక్కకి లాగి ఇంకో కొమ్మకి బిగించాను. విరవలేదు, కొయ్యలేదు. ‘అయిదు నిమిషాలు, తర్వాత తీసేస్తా’ అనుకున్నా. వరండా స్తంభం వెనక నిలబడి ఫోన్‌ని టూ ఎక్స్‌లో పెట్టి వరసగా నొక్కాను. ఆ ఫొటో వచ్చింది. చేతులు వణికాయి సంతోషంతో. అక్కడే నిలబడి స్టేటస్ పెట్టాను.

ఇంతలో ఆఫీస్ నుంచి ఫోన్. ప్రొడక్షన్‌లో సర్వర్ పడిపోయింది. ఆ వారం ఆన్‌కాల్ నేనే. లాప్‌టాప్ ముందు కూర్చున్నా. లాగ్‌లు, కాల్‌లు, ఇంకో కాల్‌లో ఇంకో కాల్. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఉన్నా. వరండాలో పడుకున్న నానమ్మ ‘అమ్మాయ్, పిట్టలు గోల పెడుతున్నాయే’ అందట. నాకు వినబడలేదు.

పదకొండు దాటాక లేచాను. పాత వెర్షన్ పెట్టేసి సర్వర్ నిలబెట్టాం. అందరూ థమ్సప్ పెట్టారు. పెరటి వైపు చూస్తే రెండు పిగిలిపిట్టలు దండెం మీద అటూ ఇటూ ఎగురుతూ అరుస్తున్నాయి. పొద కింద నుంచి జెముడుకాకి ఒకటి నడుచుకుంటూ బయటికొచ్చింది. నల్లటి ఒళ్లు, ఇటుక రంగు రెక్కలు, ఎర్రటి కళ్లు. ఏ తొందరా లేదు దానికి. గోడెక్కి అవతలికి దూకింది.

గూడు ఖాళీగా ఉంది. పొదగని మూడో గుడ్డు కూడా లేదు. ఎండ నేరుగా గూట్లో పడుతోంది. పక్కన నీలం క్లిప్పు, నేను పెట్టినట్టే, గట్టిగా పట్టుకుని ఉంది.

తలుపు తీసింది ఎవరు?

ఆ రోజంతా నాకు నేనే వాదించుకున్నా. జెముడుకాకి పిట్ట పిల్లల్ని తింటుంది, నత్తల్నీ తొండల్నీ తిన్నట్టే. దానికీ పిల్లలుంటాయి. నేను కొమ్మ జరపకపోయినా అది చూసేదేమో. బుల్‌బుల్ గూళ్లు చాలావరకు ఇలాగే పోతాయి, అందుకే అవి ఒకే సీజన్‌లో మళ్లీ మళ్లీ కడతాయి. ఇవన్నీ నిజాలే. ఇవన్నీ నానమ్మకి చెప్పాను.

ఆవిడ విని, ‘జెముడుకాకిని ఎవరేమన్నారే. దాని ఆకలి దానిది. తలుపు తీసి పెట్టింది నువ్వు’ అంది. తిట్టలేదు. మజ్జిగ తాగమంది.

తర్వాత చదివితే తెలిసింది, ఈ పనికి ఫొటోగ్రాఫర్లలో చెడ్డపేరే ఉందని. గూటి చుట్టూ ఆకులు తుంచడం, కొమ్మలు కట్టడం, పిల్లల్ని అంచుకి జరపడం... ఇవన్నీ మంచి ఫొటో కోసం చేసేవే. ఆకులు గూటికి గోడలూ కప్పూ కూడా. తీసేస్తే ఎండా, శత్రువూ ఒకేసారి లోపలికొస్తాయి. మనం పదేపదే వెళ్తే మన రాకపోకలు చూసి కాకులు కూడా గూడు కనిపెడతాయి. అందుకే చాలా గ్రూపులు గూళ్ల ఫొటోలు అసలు తీసుకోవు. 1972 నాటి మన వన్యప్రాణి సంరక్షణ చట్టమైతే, అడవి పక్షుల గుడ్లనీ గూళ్లనీ కదిలించడాన్ని ‘వేట’ అనే మాట నిర్వచనంలోనే కలిపింది. తుపాకీ అక్కర్లేదు. బట్టల క్లిప్పు చాలు.

ఆఫీసులో తప్పు కోడ్ పెడితే పాత వెర్షన్‌కి వెళ్లిపోతాం. ఆ పొద్దున మూడు గంటలు కూర్చుని నేను చేసింది అదే. పెరట్లో ఆ సౌకర్యం లేదు.

నిమ్మచెట్టు పురుగు గుర్తొచ్చింది. ఫొటో కోసం నాలుగైదుసార్లు కెలికింది. అది భయపడ్డప్పుడల్లా నాకు మంచి ఫొటో దొరికింది. నేను చూడ్డం మొదలుపెట్టి నెల కూడా కాలేదు. చూడ్డం ఎప్పుడు ఆపేసి తీయడంలో పడ్డానో నాకే తెలీలేదు.

మీరూ మొదలుపెడతారా?

ఇది చదివి ఫొటోలే వద్దనుకోకండి. నేను మానలేదు. పెరడే ఉండక్కర్లేదు, బాల్కనీలో నాలుగు కుండీలు చాలు. కరివేపాకు మొక్క ఉంటే సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి, పండితే పిగిలిపిట్టలు వస్తాయి. జిల్లేడు ఉంటే పీకకండి. నారింజ రంగు రెక్కల సీతాకోకచిలుక ఒకటి దాని ఆకులు తినే పెరుగుతుంది.

ఫోన్ చాలు. లెన్స్ ముందు తుడవండి, సగం ఫొటోలు అక్కడే బాగుపడతాయి. వేళ్లతో జూమ్ లాగకండి, ఫోన్‌లో ఉన్న టూ ఎక్స్ లేదా త్రీ ఎక్స్ లెన్స్ వాడి తర్వాత క్రాప్ చేసుకోండి. పిట్ట వెనక ఆకాశం ఉంటే పిట్ట మీద టచ్ చేసి పట్టుకోండి, వెలుతురు సర్దుకుంటుంది. పురుగుల్ని పైనుంచి కాకుండా వాటి కళ్ల ఎత్తులో తీయండి. నొక్కి పట్టుకుని వరసగా తీస్తే ఇరవైలో ఒకటైనా నిలబడుతుంది. ఫ్లాష్ వద్దు.

పేరు తెలియకపోతే ఐనాచురలిస్ట్‌లో ఫొటో పెట్టండి, తెలిసినవాళ్లు చెబుతారు. మెర్లిన్ యాప్ కూత విని పిట్ట పేరు చెబుతుంది. కానీ ముందు ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. జెముడుకాకి అనే పేరు నాకు యాప్ చెప్పలేదు, నానమ్మ చెప్పింది.

వెడల్పాటి మట్టి మూకుడులో నీళ్లు పెట్టండి. లోతు రెండంగుళాలు చాలు. మధ్యలో ఒక రాయి వేస్తే తేనెటీగలు దాని మీద నిలబడి తాగుతాయి. నీళ్లు రోజూ మార్చండి, లేకపోతే దోమలు పెరుగుతాయి.

గూడు కనబడిందా? ఒక్కసారి చూసి వెనక్కి వచ్చేయండి. అంతే. లొకేషన్‌తో ఎక్కడా పెట్టకండి. కొమ్మ అడ్డం వస్తే, అది ఫొటోకి అడ్డం. గూటికి కాదు.

మళ్లీ కట్టాయి

రెండు వారాలు ఆ పొద వైపు వెళ్లలేదు. క్లిప్పు ఆ రోజే తీసేశాను. మే మూడో వారంలో అమ్మ వంటింట్లోంచి పిలిచింది. కిటికీ అవతల, మల్లె పందిరి లోపల, ఒక పిగిలిపిట్ట ముక్కున ఎండు పుల్ల పట్టుకుని దూరుతోంది. అవే పిట్టలా? చెప్పలేను. అవే అయ్యుండాలని మాత్రం గట్టిగా అనుకున్నా.

ఈసారి దగ్గరికి వెళ్లలేదు. అమ్మ మల్లెలు కోయడం మానేసింది. అడిగితే ‘ఎండకి పూలు చిన్నవైపోయాయిలే’ అంది. నాన్న కుర్చీ కిటికీ దగ్గరికి జరుపుకున్నాడు. కొత్త కన్నుతో రోజూ పొద్దున అక్కడే. ‘ఇప్పుడే వచ్చింది, ఇప్పుడే వెళ్లింది’ అని మాకు రిపోర్ట్. గుడ్లెన్నో, ఏ రంగో మాకెవరికీ తెలీదు. ఆకులు అడ్డం. జూన్ మొదటి వారంలో నా సెలవు గడువు అయిపోయి హైదరాబాద్ వచ్చేశా.

పోయిన వారం మీటింగ్‌లో ఉండగా అమ్మ వీడియో పంపింది. పద్నాలుగు సెకన్లు. కిటికీ ఊచలు సగం, అమ్మ వేలు కొంచెం, మిగతాదంతా ఊగుతున్న పచ్చదనం. చాలాసేపు వెతికితే దండెం మీద మూడు పిట్టలు కనిపించాయి. ఒకటి పెద్దది. రెండింటికి తోక ఇంకా సరిగ్గా రాలేదు, గాలికి తూలుతూ కూర్చున్నాయి.

కింద వాయిస్ మెసేజ్. ‘సరిగ్గా రాలేదమ్మా. దగ్గరికి పోలేదు, కిటికీలోంచే తీశా.’